తొట్టి కింద ముళ్ల ఎలుక

నిన్న పొద్దున ఆళ్లగడ్డ నుంచి మా తోడికోడలు నా ఫోనుకు ఒక ఫొటో పంపింది. ఉల్లిపాయల గోతం పక్కన బూడిదరంగులో ఏదో ఉండచుట్టుకుని ఉంది. కింద ఒక్క ముక్క రాసింది: "అక్కా, మా ఇంటికి గూడా వచ్చింది." తెలియనివాళ్లు చూస్తే కొబ్బరిపీచు అనుకుంటారు, గిన్నెలు తోముకోవడానికి పనికొస్తుందని చెయ్యి కూడా పెడతారు. నేను నంద్యాలలో మా వంటింటి గట్టు దగ్గర నిలబడి, పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా ఆ ఫొటోనే చూస్తూ ఉండిపోయాను. ముళ్ల ఎలుకను చూస్తే కొందరికి ముద్దొస్తుంది, కొందరికి ఒళ్లు జలదరిస్తుంది. నాకు మాత్రం ఒక సాయంత్రం మా పెరట్లో మా అత్త అన్న మాట వినిపిస్తుంది. ఆ మాటకు మా ఇంటిల్లిపాదీ ఎక్కడివాళ్లక్కడ కొయ్యబారిపోయాం.

మాది బజారు వీధిలో పప్పులు, బెల్లం, నూనెల అంగడి. ముందు అంగడి, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక పెరడు. అంగట్లో మామ తూకం ఎంత నిక్కచ్చో, పెరట్లో అత్త చెయ్యి అంత ధారాళం. పిచ్చుకల కోసం చూరుకు జొన్నకంకులు గుత్తులుగా కట్టేది. ఉడుతలకు నానబెట్టిన వేరుశనగ బుడ్డలు పెట్టేది. జామచెట్టు పైకొమ్మల్లో కాయలు మేము కోయకూడదు, అవి చిలకలవి. మా ఊరి ఎండల్లో మట్టిచిప్పలో నీళ్లు పెడితే మిట్టమధ్యాహ్నానికి వేలు పెట్టలేనంత వేడెక్కుతాయి కాబట్టి, పొద్దునొకసారి, పన్నెండయ్యాక ఒకసారి చిప్పలన్నీ కడిగి మళ్లీ నింపేది. ఒక ముంగిస రోజూ గోడవారగా పోతూ పోతూ ఆమె ముందర ఆగి, పలకరించినట్టు చూసి పోయేది. "నేను మనుషులకు బేరమాడి అమ్ముతాండా, ఈమె పురుగూ పుట్రకు ఊరికే పంచుతాండాది" అని మామ అంగడికి వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. చెప్పేటప్పుడు గొంతులో కొంచెం గర్వం కూడా ఉండేది. అది ఆయన ఒప్పుకునేవాడు కాదనుకోండి.

ముళ్ల ఎలుకను మొదట కనిపెట్టింది నేనే, అదీ చేత్తో. నాలుగైదేళ్ల కిందటి ఎండాకాలం, దీపాలు పెట్టే వేళ, పెరట్లో గిన్నెలు తోముతూ పీచు కోసం పక్కకు చెయ్యి చాపాను. పట్టుకున్నది బుసకొట్టింది. నా కేకకు మామ తూకం మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. చూసి "పందికొక్కు" అన్నాడు. "ముండ్లుండే పందికొక్కు యాడన్నా ఉంటాదా" అంది అత్త. నేను ఒక మూల ముళ్లు గుచ్చుకున్న వేళ్లు నోట్లో పెట్టుకుని నిలబడి ఉంటే, వాళ్లిద్దరూ అది ఏమిటని వాదులాడుకుంటున్నారు. చివరికి గోడ అవతల నుంచి పక్కింటి టీచరమ్మ తొంగిచూసి తీర్పు చెప్పింది. ఆమె క్రైస్తవుల బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది. పుట్టిల్లు బండి ఆత్మకూరు పక్కన, సేద్యగాళ్ల ఇల్లు. "ముళ్ల ఎలుకక్కా అది. మా నాయన చేని గట్ల మీద తిరుగుతాండె. ఏమీ చెయ్యదు, పురుగుల్ని తినిపోతాది" అంది. ఏమీ చెయ్యదన్న మాట నా వేళ్లకు నమ్మబుద్ధి కాలేదు.

ఆ రోజు నుంచి అత్తకు దాని ధ్యాసే. అరటిపండు పెడితే ముట్టుకోలేదు. పెరుగన్నం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వెళ్లిపోయింది. పాలు మాత్రం ఆశగా తాగింది, మర్నాటికి విరేచనాలై డీలాపడి తొట్టి పక్కన పడుంది. అత్త బెంగపెట్టుకుని గోడ దగ్గరికి పోతే టీచరమ్మ చెప్పింది: "పాలు పొయ్యాకక్కా, దానికి అరగవు. ఉడకబెట్టిన గుడ్డు పెట్టు." ఆ మాట విని అత్త ముఖం తెల్లబోయింది. మా ఇంట్లోకి ఆ వస్తువు రావడం మాట అటుంచి, ఆ పేరు కూడా ఎవరూ పలకరు. తప్పనిసరై మాట్లాడవలసి వస్తే "అది" అంటాం. అత్త లోపలికి వచ్చి దేవుడి గూటి ముందు చాలాసేపు కూర్చుంది. రెండ్రోజులు పెరట్లోకి కూడా సరిగ్గా పోలేదు. మూడోనాడు నన్ను పిలిచి గొంతు తగ్గించి, "అది కడుపుతో ఉండాది మా" అంది. ఏది అని నేను అడగలేదు.

ఆ సాయంత్రమే గోడమీదుగా పాత పేపరు చుట్టిన స్టీలు డబ్బా మా వైపు దిగింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి నన్ను ఉల్లిపాయ కోసిన కత్తితో పండు కోయనివ్వని మా అత్త, ఉడికిన గుడ్డును పట్టకారుతో పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, చిదిపి తొట్టి దగ్గర పెట్టింది. తరవాత తలకు పోసుకుంది. నేను గుమ్మంలో నోరు తెరుచుకుని చూశాను. ముళ్లు గుచ్చుకున్నప్పుడు కూడా నేనంత బిత్తరపోలేదు. వాసనే మామకు గుట్టు పట్టించేసింది. "ఏందే ఇది" అన్నాడు. "కడుపుతో ఉండేదానికి" అంది అత్త. ఆయన కొన్నాళ్లు మంచినీళ్లు కూడా అంగట్లోకే తెప్పించుకున్నాడు. ఆ తరవాత ఒక రాజీకి వచ్చాడు: "పెరటి వరకే. గడప దాటి అది లోపలికొస్తే నేను బయటికి పోతా." తొట్టి అంటే ఎప్పుడో గేదె ఉన్నప్పటి సిమెంటు కుడితి తొట్టి, నెర్రె విడిచి మూలన బోర్లాపడి ఉండేది. దాని కిందే ముళ్ల ఎలుక ఈనింది. గులాబీరంగు పిల్లలు మూడు. ఎవరూ అటు పోవద్దని అత్త కట్టడి చేసింది. టీచరమ్మ కూడా గోడ అవతలే ఉండి సంగతులు కనుక్కునేది.

అప్పుడొచ్చాడు మా మరిది. అతను మా అత్తవాళ్ల అక్క కొడుకు, ఆళ్లగడ్డలో ఎరువుల అంగడి. వరసకు నా భర్తకు తమ్ముడు కాబట్టి నాకు మరిది. మా అత్తను చిన్నమ్మా అని పిలుస్తాడు. వాళ్లమ్మ, అంటే మా పెద్దత్త, అంతకు ముందు ఏడే పోయింది. అతను ఏ పండగకూ మా ఇంటికి రాకుండా ఉండింది లేదు. వస్తే అత్త వంటింట్లోంచి బయటికి రాదు, అతనికిష్టమని పూర్ణం పెట్టిన ఓళిగలు చేస్తూనే ఉంటుంది. అది చిన్నమ్మ ప్రేమ అనుకున్నాను, అందరమూ అలాగే అనుకున్నాం. ఆ రోజు పెళ్లాం, కూతురుతో యాగంటికి పోయి తిరుగుదారిలో మా ఇంట్లో దిగాడు. ముళ్ల ఎలుక సంగతి వినగానే కూతురికి చూపించాలని ముచ్చటపడ్డాడు. అత్త పొయ్యి దగ్గర పూర్ణం కలుపుతోంది, చూడలేదు. అతను తొట్టి ఒక పక్క పైకెత్తి, ఫోను లైటు వేసి, పిల్లల్ని లెక్కపెట్టి, మళ్లీ బోర్లించాడు. మంచి మనసుతో చేసిన పనే.

పొద్దువాలాక అత్త డబ్బా పట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్లింది. కాసేపటికి డబ్బా కింద పడ్డ చప్పుడైంది. మేమంతా వెళ్లేసరికి అత్త నేలమీద చతికిలబడి ఉంది. నెర్రెలోంచి తల్లి కనిపిస్తోంది. దాని ముందు కాళ్ల మధ్య పిల్ల ఒకటి, సగమే ఉంది. తల్లి తింటోంది. ఆ నమిలే చప్పుడు సన్నగా, స్పష్టంగా వినిపించింది. తోడికోడలు కూతురి కళ్లు మూసి లోపలికి తీసుకుపోయింది. మరిది ముఖం పక్కకు తిప్పుకుని ఉమ్మేసి, "సొంత బిడ్డను తింటాండాది. ఇదేం తల్లి" అన్నాడు. "దానికి ఆ రుచి చూపిస్తివి, ఇంగ దేనికీ అడ్డం లేదు. రేపు దాన్ని యాడన్నా దూరంగా పారేపిస్తా" అన్నాడు మామ. గోడ మీదుగా టీచరమ్మ అంది, "దాన్నెవురో కదిలిచ్చినట్లుండారన్నా. పిల్లల్ని ఎత్తుకపోతారని భయపడితే అట్ల చేస్తాది." మరిది ఒక్క క్షణం తగ్గాడు. కానీ తను చేసిన పని తనకే మింగుడుపడక కాబోలు, గొంతు పెంచాడు. "భయమైతే మాత్రం? తల్లన్నంక బిడ్డను కాపాడుకోవాల గానీ."

"దాన్ని ఏమనాకండి" అంది అత్త. ఆమె ఇంకా నేలమీదే ఉంది. కళ్లు తొట్టి మీద ఉన్నాయి. "నేను గూడా భయపడే నిన్ను మా అక్కకు ఇచ్చేస్తి."

ఎవరూ కదల్లేదు. నేను మొదట మాట సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. నా భర్త జామచెట్టు మొదలును పట్టుకుని నిలబడ్డాడు. మామ మాత్రం తల దించుకున్నాడు, అది చూశాకే నాకు నిజమని తెలిసింది. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో ఉన్నాను, ఉప్పు డబ్బా ఎక్కడుందో చీకట్లో చెప్పగలను, ఈ సంగతి నాకు తెలియదు. అత్త మెల్లిగా, కూరగాయల బేరం చెప్పినంత మామూలుగా చెప్పుకుపోయింది. "మా అక్కకు బిడ్డల్లేరు. వాళ్లత్త రెండోదాన్ని చూసింది, ముహూర్తం గూడా పెట్టిచ్చింది. మా అక్క పొద్దంతా బాయి గట్టున కూర్చుంటాందని కబురొచ్చె. దాంట్లో దుంకుతాదేమోనని నాకు భయం. నిన్ను ఎత్తుకోని బస్సెక్కితి. వచ్చేటప్పుడు వట్టి చేతులతో వస్తి. దాంది భయమే, నాది భయమే. మీరు దాన్ని తిడతాంటే నాకు వినబుద్ధి గాలేదు."

మరిది పెద్దగా చలించలేదు. అది నాకు వింతగా అనిపించింది. వచ్చి అత్త ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "తెలుసు చిన్నమ్మా" అన్నాడు.

ఇప్పుడు కొయ్యబారడం అత్త వంతయింది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను కాలేజీలో చేరేటప్పుడే మాయమ్మ చెప్పింది. నువ్వు చెప్పేదాంక అడగొద్దని ఒట్టేపిచ్చుకుంది."

"తెలిసీ వస్తాంటివా?"

"తెలిసే వస్తాంటి." కాసేపు నేలమీద గీతలు గీశాడు. "ఒక్కటే అడగాలనుకుంటి. అన్నను గాకుండా నన్నే ఎందుకు ఇస్తివి?"

నా భర్త చెట్టు మొదలును వదిలి గోడ వైపు తిరిగిపోయాడు. పక్కింట్లో కుక్కరు కూతపెట్టి ఆగింది. "వాడు అమ్మా అంటాండె. నువ్వింకా పిలవల్యా" అంది అత్త. "నువ్వు గూడా పిలిచింటే నా చేత అయ్యేది గాదు."

అతను లేచి అంగట్లోకి పోయి బెల్లం బుట్టల మధ్య ఒక్కడే కూర్చున్నాడు. చీకటి పడకముందే పెళ్లాన్ని, కూతుర్ని కారెక్కించుకుని వెళ్లిపోయాడు. ఓళిగలు పళ్లెంలో అలాగే ఉండిపోయాయి. వాటిని ఎవరం తినలేదు, ఎవరికీ పంచలేదు. నెయ్యి పేరుకుని తెల్లబడ్డాయి. నా భర్త కొన్నాళ్లు తల్లి ముఖం చూడలేకపోయాడు. తను చేసిన తప్పేమీ లేదు, ముందు పుట్టి ముందు మాటలు నేర్చుకున్నాడు, అంతే. అయినా ఆయన రాత్రి అన్నం సగంలో లేవడం నేను గమనించాను. ఆళ్లగడ్డ నుంచి ఫోను రాలేదు. మేము చేసినా తోడికోడలు పొడిపొడిగా మాట్లాడి పెట్టేసేది. టీచరమ్మ చెప్పినట్టు తొట్టి దగ్గరికి ఎవరూ పోలేదు. అత్త దూరంగా జామచెట్టు కింద గుడ్డు పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేసేది. ఆ రోజుల్లో ఆమె తలకు పోసుకోవడం కూడా మానేసింది, కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేది. దాన్ని పారేయిస్తానన్న మామ ఒకనాడు అంగట్లోంచే కేకేశాడు: "ఏమే, గోడ మీంద డబ్బా వచ్చిందా లేదా, పొద్దుపోతాండాది." తొలకరి పడ్డాక ఒక సాయంత్రం మిగిలిన రెండు పిల్లలూ తల్లి వెనక తడినేల మీద తప్పటడుగులు వేస్తూ బయటికి వచ్చాయి. ఒంటినిండా తెల్లటి లేతముళ్లు. అత్త మెట్టు మీద కూర్చుని కళ్లార్పకుండా చూసింది. ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

మరిది మళ్లీ వచ్చింది పండగకు కాదు. ఒక మామూలు బుధవారం, ఒంటరిగా, ఎరువుల సంచుల దుమ్ము చొక్కామీదే ఉండగా వచ్చాడు. కాళ్లు కడుక్కుని వంటింటి గుమ్మంలో నిలబడి, "చిన్నమ్మా, ఆకలైతాండాది, అన్నం పెట్టు" అన్నాడు. ఓళిగలేమీ లేవు ఆ రోజు, పప్పు, గోంగూర ఊరగాయ. అత్త వడ్డించి ఎదురుగా కూర్చుంది. అతన్నే చూస్తూ రెండోసారి వడ్డిస్తే పప్పు పళ్లెం బయట పడింది. అతను చూసీ చూడనట్టు తిన్నాడు. నా భర్త అంగట్లోంచి వచ్చి, అడగకుండానే పక్కన పళ్లెం వేసుకుని కూర్చున్నాడు. ముగ్గురూ వానల గురించి, యూరియా దొరకడం లేదని మాట్లాడుకున్నారు. అతను అప్పుడూ అమ్మా అనలేదు, ఇప్పటికీ అనడు. ఆ పిలుపు పోయిన ఆమెదని అత్తే ఒకసారి నాతో అంది. కానీ ఆ తరవాత పండగల కోసం కాచుకోవడం మానేశాడు. పనున్నా లేకున్నా వస్తాడు. వచ్చినప్పుడు అత్త కూడా వంటింట్లో దాక్కోదు.

అన్నేళ్లు ఊరికే పోయాయని నేనొకసారి నొచ్చుకుంటే అత్త ఒప్పుకోలేదు. "నేనొక్కదాన్నే మోస్తాండా అనుకుంటి. వాడు గూడా ఆ పక్క పట్టుకున్యాడు, నాకు తెలీల్యా" అంది. అప్పటినుంచి నాకు ఆ ఏళ్లు పోయినట్టుగా అనిపించడం లేదు. బరువున్న పెట్టెను చెరొక పక్కా పట్టుకుని నడిచేవాళ్లు మెల్లిగానే నడుస్తారు. మా ఇంట్లో ఆ మాట బయటికి రావడానికి అన్నేళ్లు పట్టింది అందుకేనేమో.