మా అత్త నోరు మూయించిన గడ్డం

మా మేనత్త నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదని మా నాన్న అనేవాడు. రాత్రి సగంలో ఆపిన మాటను పొద్దున్నే ముఖం కడుక్కుంటూ పూర్తి చేసే మనిషి. నాటకాలకు గడ్డాలూ మీసాలూ విగ్గులూ చేసే దుకాణంలో కిటికీ పక్కన ముక్కాలిపీట ఆవిడది. ఎదురుగా గడ్డం ఆకారంలో చెక్క దిమ్మె, దాని మీద బిగించిన సన్నటి వల, చేతిలో కొక్కెం సూది. ఒక్కో వెంట్రుకనూ వలలోకి లాగి ముడి వేయాలి. చేతులు ముళ్ళు వేస్తుంటే నోరు ఊళ్ళో వాళ్ళ గుట్లన్నీ విప్పుతూ ఉండేది.

ఆ వెంట్రుకలు జడలబర్రెవి, అంటే యాక్‌వి. చలికొండల్లో బతికే జంతువు కాబట్టి నేలను తాకేంత బొచ్చు ఉంటుంది. గట్టిది, ఏ రంగైనా పట్టుకుంటుంది.

"దీనికున్నన్ని పేర్లు మనిషికి లేవురా అల్లుడూ," అనేది అత్త. "చమరీమృగమన్నా ఇదే, సవరమన్నా ఇదే. దీని తోకతోనే రాజులకి చామరాలు వీచారు. మీ అమ్మ జడలో పెట్టుకునే సవరానికి ఆ పేరెక్కడిదనుకున్నావ్? దీన్నుంచే! రాజుకి గాలి, మీ అమ్మకి జడ, నాకు కూడు."

బొచ్చు తెచ్చే కొండ వర్తకుణ్ణి ఒకసారి, యాక్ పాలు ఎలా ఉంటాయని అడిగింది. అతను పడీ పడీ నవ్వాడు. వాళ్ళ భాషలో యాక్ అంటే మగదట, పాలిచ్చేదాన్ని 'ద్రి' అంటారట. "అయితే నాది దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్న బాపతే!" అని అత్త అతనికంటే గట్టిగా నవ్వింది. దుకాణం యజమాని మాత్రం అత్తనే యాక్ అని పిలిచేవాడు. ఇంగ్లీషులో ఆపకుండా వాగడాన్నీ అలాగే అంటారట. ఆ మాటకూ జంతువుకూ చుట్టరికం లేదు, మన లొడలొడ లాగా చప్పుణ్ణిబట్టి పుట్టిందన్నాడు. "ఎలా పుడితేనేం, రెండూ నావే," అంది అత్త.

నేను నటుణ్ణి. రంగస్థలం వెనక దీపం పేలి నా ఎడమ దవడ కాలింది. అక్కడ చర్మం ముడతపడి, వెంట్రుక మొలవడం మానేసింది. వేషాలు పోయాయి. తెర వెనక నిలబడి, మరచిపోయినవాళ్ళకు మాటలందించడమే నా పనైంది. చాలాకాలానికి ముసలిరాజు వేషం ఒకటి వచ్చింది. తెల్లటి గడ్డం దవడంతా కప్పాలి. "గడ్డం కుదిరితే వేషం నీది," అన్నాడు దర్శకుడు. నైలాన్ గడ్డం పెట్టి చూశారు. దీపాల కింద తళతళలాడింది, మాట్లాడితే అంచు లేచి మచ్చ బయటపడింది. ఈ వేషం కూడా పోతే మళ్ళీ తెర ముందుకు రానని నాకు తెలుసు.

అత్త తెల్లబొచ్చు తెప్పించింది. దారిలో మూట తడిసి, పిగిలి, వెంట్రుకలన్నీ కలగాపులగమై వచ్చాయి. ఆ వెనకే కొండదారులు మంచుతో మూసుకుపోయాయి, ఇంకో మూట వచ్చే దారి లేదు. వెంట్రుకకు కుదురూ కొసా ఉంటాయి. కుదుళ్ళన్నీ ఒకవైపే ఉండాలి. తలకిందులైనవి కలిస్తే నాలుగుసార్లు దువ్వేసరికి గడ్డం అట్టకడుతుంది. చూపుకి తేడా తెలియదు, వేళ్ళ మధ్య నలిపి తెలుసుకోవాలి. ఏళ్ళ తరబడి రంగుల్లో నాని అత్త వేళ్ళు మొద్దుబారాయి. నేను ప్రయత్నించాను.

"నీ చేతిలో పడితే అది గడ్డం కాదురా, కొబ్బరిపీచు," అని లాక్కుంది.

తన వేళ్ళతో మళ్ళీ ఓసారి నలిపి చూసి, ఒక వెంట్రుకను పెదవుల మధ్య పెట్టి లాగింది. జారింది. తిప్పి లాగింది. గరుకుగా తగిలింది. కుదురేదో కొసేదో పెదవులకు తెలిసిపోయింది! ఆవిడ కళ్ళు మెరిశాయి.

కానీ పెదవుల మధ్య వెంట్రుక ఉంటే మాట్లాడటం కుదరదు. దుకాణం మూగబోయింది. ఒంట్లో బాగుందా అని యజమాని వచ్చి అడిగిపోయాడు. ఇంట్లో గడియారం చప్పుడు వినబడటం మొదలైంది. పెదవులు పగిలి, అన్నం ముద్ద తగిలితే మంటెక్కి, వెన్న రాసుకుని మళ్ళీ కూర్చునేది. చూడలేకపోయాను.

"చాల్లే అత్తా. వేషం పోతే పోనీ."

నోట్లోంచి వెంట్రుక తీసింది. "నీ మొహం జనం చూడాలి. నోరు ముయ్యి. నాదెలాగూ మూసే ఉంది." ఇంకో వెంట్రుక అందుకుంది. నేను పెరట్లోకి పోయి ఏడ్చాను. కన్నతల్లి కూడా నాకోసం ఇంత చేసి ఉండదు.

గడ్డం కుదిరింది, వేషం నాదైంది. ప్రదర్శన రోజు కొడుకు శవం ముందు రాజు విలపించే ఘట్టం వచ్చింది. చెమటా కన్నీళ్ళూ కలిసి కారాయి. గడ్డం అంచు కదల్లేదు. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు ముందు వరుసలోంచి ఆ గొంతు లేచింది.

"మా మేనల్లుడేనండీ! ఆ గడ్డం నేనే అల్లాను. గుంజినా ఊడదు!"

హాలు గొల్లుమంది. దర్శకుడు తల పట్టుకున్నాడు. నేను తల వంచుకుని ఏడుస్తూనే ఉన్నాను, రాజు కొడుకు కోసం ఏడుస్తున్నాడనుకున్నారు. అన్నాళ్ళ తర్వాత విన్న ఆ గొంతు నాకెంత హాయిగా ఉందో వాళ్ళకేం తెలుసు? అత్త అప్పటికే పక్కసీటావిడకు జడలబర్రె సంగతి మొదలుపెట్టింది.