ఎడమ చేతికి తగిన చాకు

పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ముక్తేశ్వరం నుంచి బాబాయి ఫోన్ చేశారు. "అమ్మా, మీ పిన్ని లేదమ్మా" అన్నారు. నిద్రలోనే పోయిందట. కొత్తపేట నుంచి ముక్తేశ్వరం ఎంత దూరమని! నేను వెళ్లేసరికే వీధి అరుగు నిండా జనం. లోపల పిన్నిని పడుకోబెట్టి, రెండు చేతులూ గుండెల మీద చేర్చారు. కుడి చేయీ ఎడమ చేయీ ఒకేలా నిమ్మళంగా ఉన్నాయి. ఈ రెండేళ్లలో నేనెప్పుడూ వాటిని అలా చూడలేదు.

మా ఇళ్లలో ఆడవాళ్ల నడుముకి తాళాల గుత్తి ఉంటుంది. మా పిన్ని నడుముకి మడత చాకు ఉండేది. తాళాలు ఎక్కడ పెట్టిందో ఏనాడూ గుర్తుండేది కాదు గానీ, చాకు మాత్రం ఎప్పుడూ మరిచిపోలేదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు చాకు తీసేది. జామకాయో, సపోటా పండో, బొప్పాయో, ఏది ఉంటే అది కోసి చేతిలో పెట్టేది. తిన్నాకే కుశల ప్రశ్నలు. పెరట్లో మామిడి అంట్లు కూడా ఆ చాకుతోనే కట్టుకునేది.

చుట్టాల్లో ఎవరైనా చాకు కొనుక్కోవాలంటే పిన్నినే అడిగేవారు. "ఏం కోస్తావే దాంతో?" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న. "ఏమో, ఇంట్లో ఉంటే పనికొస్తుంది కదా" అన్నామా, ఇక అంతే. "అయితే చాకెందుకే, షోకేసులోకి బొమ్మ కొనుక్కో" అనేది.

ఒకసారి అమలాపురంలో ఇనుప సామాన్ల కొట్టుకి నన్ను వెంటబెట్టుకెళ్లింది. సన్నటి మొనతో తళతళలాడుతున్న చాకు ఒకటి నా కంటబడింది. కొట్టాయన నా ముఖం చూసి, "ఆయ్, మంచి మోడలండి. దీంతో అన్నీ కొయ్యొచ్చండి" అన్నాడు. పిన్ని సంచిలోంచి జామకాయ తీసి ఆయన ముందు పెట్టింది. "ఏదండీ, ఓ ముక్క కోసి చూపించండి" అంది. పాపం, ఆయన కోశాడు. ముక్కతో పాటు వేలూ తెగింది. పిన్నే తన కొంగు అంచు చింపి కట్టు కట్టింది. కట్టు కడుతూనే నాకు పాఠం కూడా చెప్పింది.

"చూడవే, మొన సన్నగా ఉన్నది పొడవడానికి. మనం ఎవర్ని పొడుస్తాం? ఇదిగో, చిలకముక్కులా వంగిందే, ఇది అరిటాకులకి, కాడలకి. ఇలా లాగితే చాలు, తెగుతుంది. ఈ మొద్దు మొనది పడవల్లో వాళ్లు కొంటారు. పడవ ఊగినా ఎవరికీ గుచ్చుకోదు. తిన్నగా ఉన్న అలుగు, అదే ఈ కోసే రేకు, అంట్లు కట్టడానికి. పండు కొయ్యడానికైతే అలుగుకి కాస్త పొట్ట ఉండాలి, అంచు ఇలా ఉబ్బి."

చివరికి నాకు పొట్ట ఉన్నదే కొనిపెట్టింది. ఇంటికొచ్చాక నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, తీసుకోమంది. చాకు చేతిలోంచి చేతిలోకి ఇస్తే తగువులొస్తాయని ఆవిడ పట్టింపు. ఇలాంటి పట్టింపులు పిన్నికి బోలెడు. వాటిల్లో ఒకటి తర్వాత ఆవిడకే శిక్షయింది.

రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, ఆ చెయ్యి రాలేదు. ఇంటికొచ్చిన కొత్తలో ఓసారి తన అంట్ల చాకు ఎడమ చేత్తో పట్టుకుని సపోటా కొయ్యబోయింది. చాకు ఒక పక్కకి లాక్కుపోయింది, పండు నుజ్జయింది. బాబాయి పరుగున వచ్చి, "నువ్వు కూర్చోవే, నేను లేనూ?" అని చాకు తీసేసుకున్నారు. ఆ రోజు నుంచి ఆయనే కోసి, గింజలు తీసి, నోటికందించేవారు. మేం వెళ్లినా అంతే. "మీరు కూర్చోండి అత్తయ్యగారూ, మేం చూసుకుంటాం కదండీ" అని మా ఇళ్ల కోడళ్లు పళ్లెం లాక్కునేవారు. మర్యాదలో మనవాళ్లని మించినవాళ్లు ఎవరున్నారు?

"ఎడం చేత్తో కోసింది ఎవరికి పెడతానే? పెట్టకూడదు కదా" అని తనూ సరిపెట్టుకుంది. ఎవరైనా వస్తే లోపలి గదిలోకి వెళ్లి కూర్చునేది. వచ్చినవాళ్లకి ఏమీ పెట్టలేకపోతే ఎదురుగా కూర్చోవడం ఎందుకని. పిన్ని ముసలిదైపోయిందని అనుకున్నాం. నాకు ఇప్పటికీ మింగుడు పడనిది ఇదే. ఎవరమూ చెడ్డవాళ్లం కాదు. అందరం ప్రేమగానే ఆవిడ్ని ఓ మూల కూర్చోబెట్టాం.

మొన్న ఎండాకాలం మా ఇంటికొచ్చినప్పుడు నేను మామిడికాయ తరుగుతుంటే రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఊరికే, ఆటపట్టిద్దామని, "ఏం కోస్తావ్ పిన్నీ?" అన్నాను, ఆవిడ గొంతుతోనే. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"బొప్పాయే" అంది. తర్వాత నెమ్మదిగా, "ఆ అంట్ల చాకు కాదే. దానికి ఒక పక్కే నూరుతారు, కుడి చేతికి. ఎడం చేత్తో పడితే పక్కకి పోదా మరి? రెండు పక్కలా నూరింది కావాలి. పొట్ట ఉంటే పండు పట్టుకోనక్కర్లేదు, పళ్లెంలో పెట్టి ఇలా ఊపితే తెగుతుంది. మొన మొద్దుగా ఉండాలి. గోటితో తెరిచేది వద్దు, దానికి రెండు చేతులు కావాలి. అలుగుకి చిల్లుండి, బొటనవేలితో తోస్తే తెరుచుకోవాలి. తెరిచాక వేళ్ల మీదకి మడతపడకూడదు" అంది.

ఒక్కొక్కటే చెబుతుంటే ఆవిడ ముఖంలోకి పాత పిన్ని వచ్చింది.

అలాంటిది దొరకడానికి చాలా కొట్లు తిరిగాను. తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. పిన్ని బొటనవేలితో తోసింది. టక్కున తెరుచుకుంది. మళ్లీ మీట నొక్కి, తొడకి ఆనించి మూసింది, మళ్లీ తెరిచింది. తర్వాత నా వైపు చూసి, "ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదేమే?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "ఏం కోస్తావే" అని అందరినీ అడిగిన మనిషి తనని తాను అడుగుకోలేదు, మాకూ తోచలేదు.

ఆ తర్వాత వచ్చినవాళ్లకి పిన్నే కోసేది. ఎడమ చేత్తో ఇవ్వకూడదన్న పట్టింపు మాత్రం వదల్లేదు. ముక్కలు పళ్లెంలో సర్ది, బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్లిపోయి, అక్కణ్నించి "తీసుకోండర్రా" అని కేకేసేది. బాబాయి కూడా చాకు జోలికి పోవడం మానేశారు. అంతా కలిపి ఒక్క వానాకాలం. అంతకంటే దక్కలేదు.

ఆ సాయంత్రం శ్మశానం నుంచి వచ్చి, స్నానాలయ్యాక, బాబాయి మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తీసి అలాగే నిలబడిపోయారు. ఏమైందోనని దగ్గరికి వెళ్లాను. ముందురోజు పిన్ని కోసి పెట్టిన బొప్పాయి ముక్కలు, మూత పెట్టిన స్టీలు గిన్నెలో. ఒక కొస లావు, ఒక కొస సన్నం. కొన్నింటికి తొక్క అలాగే ఉంది.

"తీసెయ్యనా బాబాయ్?" అన్నాను.

ఆయన గిన్నె దగ్గరికి తీసుకుని, నేల మీదే చతికిలబడి, ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. తొక్కతోనే నమిలారు. తర్వాత ఇంకొకటి తీశారు.