పద్నాలుగు సార్లు తెరిచిన పేజీ

బెల్లంపల్లి గనిలో పని చేసి రిటైరైన గట్టయ్య కూతురు అమూల్య. మంచిర్యాల స్టేషన్ రోడ్డులో ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు తయారు చేసేది. పెళ్లి హాళ్లవి, బడులవి, బట్టల దుకాణాలవి. అక్కడి రక్తదాతల సంఘానికి మాత్రం ఇష్టపడి ఊరికే చేసి పెట్టింది. ఏ గ్రూపు రక్తం ఎవరు ఇవ్వగలరో, వాళ్ల ఫోన్ నంబరేమిటో అందులో కనిపించేది. ఆసుపత్రి గోడల మీద పోస్టర్లు అంటించారు. వాటి మీది గళ్ల గుర్తుకు ఫోన్ కెమెరా పెడితే చాలు, దాతల పేజీ తెరుచుకునేది.

ఆ వానాకాలం ఆమె సైటును కొత్తగా మార్చింది. పేజీల చిరునామాలు మారాయి. గోడల మీది పోస్టర్లు పాతవే ఉన్నాయన్న సంగతి ఆమెకు తట్టలేదు. పేజీ దొరకనప్పుడు కనిపించడానికి ఇంగ్లీషులో ఒక చిన్న మాట, దాని కింద కళ్లనీళ్లు పెట్టుకున్న కుక్కపిల్ల బొమ్మ పెట్టింది. ఆఫీసులో అందరూ చూసి ముచ్చటపడ్డారు.

మూడు వారాల తర్వాత, సైటుకు ఎవరెప్పుడు వచ్చిందీ నమోదయ్యే చిట్టాను తిరగేస్తుంటే ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. అంతకు ముందు మంగళవారం పొద్దున పది దాటాక, ఒకే ఫోన్ నుంచి, లేని పేజీ కోసం నలభై నిమిషాల్లో పద్నాలుగు సార్లు వచ్చారు. పద్నాలుగు సార్లూ వాళ్లకు కనిపించింది ఆ కుక్కపిల్లే.

సంఘం చూసుకునే కుమారస్వామికి ఫోన్ చేసింది.

"అన్నా, మంగళవారం పొద్దుగాల ఎవరికన్న రక్తం అవసరం పడ్డదా?"

"పడ్డది చెల్లె. జైనూర్ దిక్కు పిల్ల, నవనీత అని. మన పెద్దదవాఖాన్ల కాన్పైనంక రక్తం ఆగలే. మనకు ఎరుకయ్యేసరికే పన్నెండు దాటింది. నేను ఇద్దరిని తీస్కపోయిన. గప్పటికే పానం పోయింది. పసిపిల్ల బతికింది."

అమూల్య ఆ పిల్ల ఊరి పేరు అడిగి రాసుకుంది.

పాత చిరునామాలన్నీ ఆ రోజే సరిచేసింది. కుక్కపిల్లను తీసేసింది. దాని స్థానంలో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసింది: 'ఈ పేజీ ఇక్కడ లేదు. తప్పు మీది కాదు, మాది. రక్తం కావాలంటే వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి.' ఆదివారం బస్సెక్కి ఆసిఫాబాద్ మీదుగా జైనూర్ పోయింది. అక్కడి నుంచి ఆటోలో ఊరికి చేరింది.

నవనీత తల్లి బాలవ్వ పసిపిల్లను ఒళ్లో వేసుకుని గడపలో కూర్చుంది. అల్లుడు మల్లేష్ మస్కట్‌లో ఉన్నాడు. నవనీతను మట్టి చేసే వేళకు కూడా రాలేకపోయాడు.

రక్తదాతల సంఘం నుంచి వచ్చానని అమూల్య చెప్పగానే బాలవ్వ తనే మొదలుపెట్టింది.

"గోడకు కాయితం ఉండె బిడ్డా. గా కాయితానికి ఫోన్ వట్టుమని నర్సమ్మ చెప్పి ఉరికింది. నా బిడ్డ ఫోనే వట్టిన. కుక్కపిల్ల బొమ్మ వచ్చింది. మల్ల వట్టిన, మల్ల గదే. నాకు చదువు రాదు. నేనే తప్పుగ వడుతున్న అనుకున్న. దగ్గరికి వట్టిన, దూరం వట్టిన, చెయ్యి తుడుసుకొని వట్టిన. ఒక్కపారి కూడ సక్కగ పట్టకపోతి. నా చేతుల్తోనే బిడ్డను పోగొట్టుకుంటి."

"నువ్వు తప్పుగ పట్టలేదవ్వా," అంది అమూల్య. "సక్కగనే పట్టినవ్, పద్నాలుగు సార్లు. తప్పు నాది. గా బొమ్మ పెట్టింది నేనే."

బాలవ్వ తిట్టలేదు. పసిపిల్లను గుండెకు హత్తుకుని ముందుకూ వెనక్కూ ఊగుతూ ఏడ్చింది. అమూల్య అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. దగ్గరికి పోవడానికీ, లేచి వెళ్లిపోవడానికీ ఆమెకు ధైర్యం చాలలేదు.

ఏడుపు తగ్గాక బాలవ్వ అడిగింది. "ఇప్పుడేం పెట్టినవ్ అండ్ల?"

అమూల్య ఫోన్‌లో కొత్త పేజీ తీసి చూపింది.

"అన్నీ అక్షరాలేనాయె. నా అసొంటిదానికి ఏం సమజైతది?"

"మరి ఏం పెట్టాల్నవ్వా?"

"ఫోన్ బొమ్మ పెట్టు. పచ్చది. అల్లునితోని మాట్లాడనీకి నేను గదే ఒత్తుత."

బాలవ్వ ఫోన్ నంబరు తీసుకుని బయల్దేరిన అమూల్య, తిరుగు బస్సులోనే పేజీ మార్చింది. తెర సగం నిండేలా పచ్చటి ఫోన్ బొమ్మ పెట్టింది. అది నొక్కితే నేరుగా కుమారస్వామికి ఫోన్ పోతుంది. మర్నాడు దానికి ఒక గొంతు కూడా చేర్చింది. పేజీ తెరవగానే 'తప్పు మీది కాదు, పచ్చ బొమ్మ ఒత్తండి' అని వినిపిస్తుంది. ఆ గొంతు అమూల్యదే. రికార్డు చేసేటప్పుడు మొదటి మాట దగ్గరే ఆపి మళ్లీ మొదలుపెడుతుంటే, సరిగ్గా రావడానికి ఒక పూట పట్టింది.

చలికాలంలో బెల్లంపల్లి నుంచి ఒకాయన రక్తం కోసం వెతుకుతూ సైటు చిరునామా తప్పుగా కొట్టి ఆ పేజీకి వచ్చాడు. వెంటనే పచ్చ బొమ్మ నొక్కాడు. గంటలో దాత దొరికాడని కుమారస్వామి సంతోషంగా చెప్పాడు. అమూల్య "మంచిదన్నా" అంది. బాత్రూంలోకి పోయి తలుపు వేసుకుని ఏడ్చింది.

ఆ కబురు చెబుదామని బాలవ్వకు ఫోన్ చేసింది. అవతల పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

"పత్తి ఏరుతున్న బిడ్డా," అంది బాలవ్వ. "మల్ల మాట్లాడుత."

తర్వాత అమూల్య చాలాసార్లు చేసింది. బాలవ్వ ఎత్తలేదు.