నాయన కిర్రు చెప్పులు

ఐదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి నేను. పంతులు చెప్పినవే నమ్మలేదు, ఇక దెయ్యాల్ని ఏం నమ్ముతాను? ఎవరైనా వాటి మాటెత్తితే, మా ఊరికి తోవ చెప్పి పంపించమని ఆటపట్టించేవాణ్ణి. అలాంటి నాకే ఇది జరిగింది.

సాగర్ డ్యాం కడుతున్న రోజులు. మాది మాచర్ల దగ్గర ఊరు. మా ఇల్లు ఊరి చివర, కొండవైపు. డ్యాం దగ్గర రాళ్ళు పేలుస్తుంటే బెదిరిన జంతువులు ఇటు దిగుతున్నాయని అందరూ అనుకునేవాళ్ళు. ఆ ఏడు ఒక చిరుతపులి ఊళ్ళో దొడ్లలో పడి మేకల్ని ఎత్తుకుపోతోంది.

నాయన పోయి అప్పటికి ఏడాది. ఇంట్లో అమ్మ, నేను, ఒక పాడిగేదె, దాని దూడ. ఆ పాలతోనే మా పూట గడిచేది. జంతువులు రాకుండా దొడ్డి చుట్టూ ముళ్ళకంచె వేశాం. దొంగలకు మాత్రం అమ్మ దగ్గర వేరే మందుంది. నాయన కిర్రు చెప్పులు గడప ముందు పెట్టేది. ముక్కూమొహం తెలియనివాడు తలుపు కొడితే, మా ఆయన పడుకున్నాడు, మళ్ళీ రమ్మని లోపలినుంచే చెప్పేది. నేను పకపకా నవ్వేవాణ్ణి. జీతం లేని కాపలాదారు కదా, కూడైనా పెట్టమనేవాణ్ణి.

తోలు పగలకుండా వాటికి ఆముదం పట్టించేది. పట్టించి పట్టించి కిర్రు పోయింది. నేనోసారి తొడుక్కుని దర్జాగా వీధిలో నడిచాను. పిల్లి నడిచినట్టే ఉంది.

ఆ చలికాలం, ఎద్దులబండి నిలబడి తోలి చూపిస్తానని ఎక్కి, కాలు విరగ్గొట్టుకున్నాను. కట్టుతో వసారాలో మంచమెక్కాను. ఒకరోజు పొద్దు గుంకే వేళ అమ్మ దొడ్లో పాలు పిండుతోంది. దూడ పక్కన గుంజకు కట్టేసి ఉంది. కంచె కదిలింది. చిరుత లోపలికి దూకింది.

అమ్మ పాలచెంబుతోనే దూడకు అడ్డం నిలబడింది. లేవబోయి బోర్లా పడ్డాను.

అప్పుడు వినపడింది. కిర్రు, కిర్రు. నా తల పక్కనుంచి వసారా దిగి, దొడ్డివైపు. నింపాదిగా, నాయన నడకలాగే ఎడమకాలు కాస్త ఈడ్చుకుంటూ. తల ఎత్తి చూస్తే మనిషి లేడు.

చిరుత అమ్మను వదిలేసి ఆమె వెనక ఎవరినో చూసింది. చెవులు వాలిపోయాయి. ఒక్క దూకులో కంచె దాటిపోయింది.

అమ్మ వచ్చి నన్ను లేపింది. చెంబులో పాలు ఒలకలేదు.

"ఏరా, ఇన్నావా?" అంది.

తలూపాను. గడప ముందు చెప్పులు లేవు. దొడ్డి వాకిట్లో జతగా ఉన్నాయి, కొండవైపు తిరిగి.

మర్నాడు ఊరంతా వచ్చి కంచెకు పట్టుకున్న పులి బొచ్చు చూసింది. అమ్మ పులిని తరిమిందని గురజాల దాకా పేరు పాకింది. అది మళ్ళీ మా దొడ్డి ఛాయలకు రాలేదు. ఆ దూడ పెరిగి, ఈని, మాకు పాలిచ్చింది.

కాలు బాగయ్యాక ఆ చెప్పులు తొడుక్కుని దొడ్డంతా తిరిగాను. గట్టిగా తొక్కాను. ఎడమకాలు ఈడ్చాను. చప్పుడు లేదు.

"నీ కాళ్ళకు పలుకుతయ్యంట్రా అవి? ఇప్పేసి గడప ముందు పెట్టు" అంది అమ్మ.

భయంలో చెవులు మోసం చేశాయనుకుందామంటే, చెప్పులు దొడ్లోకి ఎట్లా పోయాయి? ఈ రోజుకీ నాకు తెలియదు.

తర్వాతెప్పుడో కొత్తవాడెవడో తలుపు కొట్టాడు. అమ్మ కూర్చున్నచోటు నుంచి కదలకుండా, "మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు" అంది.

నేను నవ్వలేదు. నోట్లో బీడీ తీసి ఆర్పేశాను.