ఉడికిన కొమ్ము

దయ్యాలు, చేతబడి, శకునాలు... ఇవేవీ నా తలకెక్కవు. పిల్లి ఎదురొస్తే మా అమ్మ ఆగుతుంది, నేను పిల్లిని దాటుకుని పోతాను. పైగా ఆర్మూర్‌లో పసుపు కొనే దుకాణంలో నా పని. రైతు ఎంత ఒట్టేసి చెప్పినా కొమ్మును విరిచి చూడనిదే నమ్మను. అలాంటి నాకే జరిగింది కాబట్టి చెబుతున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

ముందు పసుపు సంగతి ఒకటి చెప్పాలి. తవ్విన పసుపును మావాళ్లు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి నునుపు చేస్తారు. అప్పుడే అది మార్కెట్‌కు వస్తుంది. ఉడికిన కొమ్ము ఇక మొలవదు. విత్తనానికి పచ్చి కొమ్మును వేరుగా దాచుకుంటారు. మా దగ్గర చిన్నపిల్లలకు కూడా ఇది తెలుసు.

మా అక్క లక్ష్మిని కర్నూలు ఇచ్చాం. బావ అక్కడ బట్టలు కుట్టే దుకాణం నడుపుతాడు, అక్క కూడా మిషన్ తొక్కుతుంది. 2009 శ్రావణంలో అక్క ఇంటికొస్తే అమ్మ ఒడి బియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు ఆడబిడ్డ ఒడిలో పోసి పంపడం మా ఆచారం. వెళ్లేముందు ఆమె అందులోంచి కొంచెం తీసి పుట్టింట్లో వదిలిపోవాలి, పుట్టిల్లు చల్లగా ఉండాలని. అక్క వదిలిన బియ్యాన్నీ ఒక కొమ్మునూ అమ్మ ఇత్తడి గిన్నెలో పోసి దేవుని గూట్లో పెట్టింది. ఆ కొమ్ము మా దుకాణం సరుకులోంచి నేనే ఏరి తెచ్చింది.

ఆ అక్టోబరులో కర్నూలు మునిగింది.

టీవీలో చూస్తే వీధులు లేవు, నీళ్ల మీద ఇళ్ల కప్పులే ఉన్నాయి. అక్కకు ఫోన్ కలవలేదు, బావకూ కలవలేదు. దారులు తెగిపోయాయి. గోదారికి వరదొస్తే మేము పోచంపాడ్ పోయి, డ్యాం గేట్లెత్తింది చూసి, వేయించిన చేపలు తిని వచ్చేవాళ్లం. నీళ్లంటే మాకు పండుగ. అవే నీళ్లు ఒక నగరాన్ని మింగుతుంటే ఎవరి మీద అరవాలో తెలియక ఇంట్లో వాళ్ల మీద అరిచాను.

అమ్మ మాత్రం రోజూ ఆ గిన్నెకు బొట్టు పెట్టి దండం పెట్టుకునేది. ఒక పొద్దున నాకు ఒళ్లు మండింది. కొమ్మును తీసి టక్కున విరిచాను.

"గీ కొమ్మేం కాపాడుతదే నీ బిడ్డను?" అని ఒక ముక్కను పెరట్లో మురుగునీళ్లు పోయే మోరి పక్కకు విసిరేశాను. రెండో ముక్క నా చేతిలోనే ఉండిపోతే జేబులో వేసుకున్నాను. విరిగినప్పుడు వచ్చిన చప్పుడు నాకు బాగా గుర్తు. బాగా ఉడికి, బాగా ఎండిన కొమ్మే అలా పలుకుతుంది.

అమ్మ కొమ్ము లేని గిన్నెకే బొట్టు పెట్టింది.

రెండు మూడు రోజులకు బోళ్లు తోమడానికి పెరట్లోకి పోయిన అమ్మ నన్ను కేకేసింది. మోరి పక్కన ఒక కొమ్ము ముక్కకు పచ్చటి మొలక, చిటికెన వేలంత. ఎవరో పచ్చి కొమ్ము పారేసి ఉంటారనుకున్నాను. జేబులోని ముక్క తీసి దానికి ఆనించాను. విరుపుకు విరుపు అతికినట్టు సరిపోయింది.

"బిడ్డ బతికే ఉన్నది. ఇగ ఏడువకు" అంది అమ్మ. అప్పుడు తెలిసింది నేను ఏడుస్తున్నానని.

ఆ మధ్యాహ్నం దుకాణంలో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్. "తమ్మీ, నేనురా" అంది అక్క. పక్కింటి మేడ ఎక్కి బతికారట. ఫోన్లు నీళ్లపాలయ్యాయి. ఇప్పుడు ఒక బడిలో తలదాచుకున్నారు.

దారి తెరుచుకోగానే బయల్దేరాను. అమ్మ ఆ మొలకను తడిగుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టింది. వద్దన్నా వినలేదు.

కర్నూలులో దిగాను. ఇంటింటికీ గుమ్మం పై దాకా బురద మరక. చచ్చిన పశువుల కంపు. కరెంటు తీగలకు చీరలు వేలాడుతున్నాయి. అక్క తన కుట్టుమిషన్‌ను బురదలోంచి లాగి తుడుస్తోంది. ఆర్మూర్ వచ్చేయమన్నాను, ఈ పాడు ఊళ్లో ఏముందన్నాను.

అక్క కస్సుమంది. "పాడు ఊరు అనకు. ఏరు చేసిన పాపానికి ఊరునెందుకు తిడ్తవు? పక్కింటోళ్లు చెయ్యి పట్టి గుంజకుంటె నేను లేను. వాళ్లను ఇడిసి యాడికి రావాలె?"

సంచిలోంచి ఆ మొలక తీసి ఇచ్చాను, జరిగింది చెప్పాను. "ఉడికింది మొలుస్తదారా, పిచ్చోడా?" అని నవ్వింది. నవ్వుతూనే బోరున ఏడ్చింది. ఏడ్చి, ఇంటి వెనక వరద వేసిపోయిన ఒండ్రులోనే దాన్ని పాతింది.

అది బతికింది. ఇప్పుడక్కడ చిన్న పసుపు మడి ఉంది. బావ దుకాణం మళ్లీ తెరిచాడు, అక్క అదే మిషన్ తొక్కుతోంది. పక్కింటివాళ్లూ అక్కడే ఉన్నారు. మా దుకాణంలో తెలిసినవాళ్లను అడిగితే, ఆ కొమ్ము సరిగా ఉడికి ఉండదన్నారు. అదే నిజమైతే రెండో సగమూ మొలవాలి కదా? ఎవరికీ చెప్పకుండా కుండీలో పాతి నీళ్లు పోశాను. మొలవలేదు. తీసి ఎండబెట్టి, మళ్లీ ఇత్తడి గిన్నెలో వేశాను.

శకునాలను నేను ఇప్పటికీ నమ్మను. దీన్ని మాత్రం ఎలా అర్థం చేసుకోవాలో నాకు తెలియదు. ఎక్కడైనా వరద అని టీవీలో వస్తే ముందు అక్కకు ఫోన్ చేస్తాను. ఆమె ఎత్తేదాకా దేవుని గూట్లో ఆ గిన్నె వైపే చూస్తుంటాను.