మొదటి బ్యాండ్ ముందు నిలబడ్డ మనిషి

మా పక్కింటి పెద్దాయన పోయిన నెలలో ఒక గురువారం మధ్యాహ్నం హాస్పిటల్‌లో కన్నుమూశారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసేసరికి నేను ఫ్యాక్టరీ పార్కింగ్‌లో, కారులో కూర్చుని లంచ్ డబ్బా విప్పుతున్నాను. "అంకుల్, నాన్న పోయాడు" అంది. ఆ పిల్లకి తెలుగులో అంతకంటే మాటలు దొరకలేదు. కారు స్టీరియోలో నా పాత ప్రసంగమే ఏదో మోగుతోంది. ఆ క్షణంలో నా గొంతు నేనే వినలేక ఆపేశాను. డబ్బాకి మూత పెట్టి మళ్ళీ లైన్ మీదికి వెళ్ళిపోయాను.

అమెరికాలో ఈ క్యారీ ఊళ్ళో మా ఆదివారపు సహవాసానికి వచ్చేవాళ్ళందరికీ ఆయన మొహం తెలుసు. ముందు వరుసలో, ఎడమవైపు కుర్చీ. చేతిలో గ్రంథం ఉండదు, కళ్ళు మూసుకోరు, చప్పట్లు కొట్టరు. తల కొద్దిగా పక్కకి వంచి వింటారు. ఆయన ఎవరు, ఎందుకు వచ్చేవారు అని మీలో చాలామంది నన్ను అడిగారు. ఈ నాలుగు మాటలు అందుకే రాస్తున్నాను.

నేను ఏ వేదాంత కళాశాల గుమ్మమూ తొక్కినవాణ్ణి కాను. పగలు మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ లైన్ చూసుకునేవాణ్ణి, సాయంత్రం వాక్యం చదువుకునేవాణ్ణి. ప్రభువు నా ఎముకల్లో నిప్పు పెట్టాడు, అది లోపల ఉండదు. ఈ టౌన్‌హౌస్ కొన్న కొత్తలో గ్యారేజీ తలుపు దించేసి, మైకూ స్పీకరూ పెట్టుకుని, బియ్యం బస్తాలకి ప్రసంగించేవాణ్ణి. ఒక శనివారం తలుపు మీద ఎవరో తట్టారు. కాలనీ అసోసియేషన్‌కి ఫిర్యాదు వెళ్ళిందనుకున్నాను. తలుపు ఎత్తితే ఈయన, లుంగీ మీద రెయిన్ జాకెట్ వేసుకుని.

"మీరేనా రోజూ అరిచేది?"

"ప్రకటిస్తున్నానండి."

"ప్రకటించండి బ్రదర్. ట్రెబుల్ తగ్గించి ప్రకటించండి. చెవిలో సూది దిగుతున్నట్టుంది." లోపలికొచ్చి, నన్ను అడక్కుండా స్పీకర్ మీద గుండీలు తిప్పి, బియ్యం బస్తా మీద కూర్చున్నారు. "ఇప్పుడు చెప్పండి, వింటాను."

చెప్పాను. చివరిదాకా విన్నారు. నా భార్య తర్వాత నా ప్రసంగం పూర్తిగా విన్న మొదటి మనిషి ఆయన.

మరుసటి నెల కాలనీ క్లబ్‌హౌస్‌లో మొదటి కూటం పెట్టాను. కుర్చీలు వేశాను, టీ కాచాను, గ్రూపుల్లో మెసేజీలు పెట్టాను. మనవాళ్ళ సంగతి తెలుసు కదా, వస్తామన్నవాళ్ళు రాలేదు, వచ్చేవాళ్ళు దారిలోనే ఉన్నారు. ఆ ఖాళీ కుర్చీల ముందు మైకు పట్టుకుని నిలబడి తలుపు వైపే చూస్తున్నాను. తలుపు తీసుకుని పక్కింటాయన వచ్చారు. వెనకెక్కడో కూర్చోవచ్చు. నేరుగా ముందు వరుసకి వచ్చి, ఎడమవైపు కుర్చీలో కూర్చుని, మొదలుపెట్టమన్నట్టు గడ్డం ఎత్తారు. ఈ మనిషిలో ప్రభువు పని మొదలుపెట్టాడని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

ఆయనదీ మందుల కంపెనీయే. హైవే మీద నా ఫ్యాక్టరీకి రెండు ఎగ్జిట్ల అవతల క్వాలిటీ విభాగంలో పనిచేసేవారు. కొన్నేళ్ళపాటు కలిసి డ్రైవ్ చేశాం. ఒక రోజు ఆయన కారు, ఒక రోజు నా కారు. నా కారులో వాక్యం, ఆయన కారులో రాక్ సంగీతం. ఆ పాత కారుని క్యాసెట్ ప్లేయర్ ఉందన్న ఒక్క కారణంతో ఆయన అమ్మలేదు. అందులో మోగేవన్నీ ఐర్లండ్ బ్యాండ్లు. మీరు విన్నవి కావు, టీషర్టుల మీద కనిపించేవీ కావు. వాళ్ళ ఊళ్ళో కూడా సగం మందికి తెలియనివి. ఆ పేర్లు నాకు నోరు తిరక్కపోతే ఆయనే నాకోసం తెలుగు పేర్లు పెట్టారు.

రొయ్యలవాళ్ళు అంటే పడవల మీద పనిచేసే ఇద్దరు అన్నదమ్ములు, వాళ్ళ స్నేహితుడు ఒకడు. వలల తాళ్ళు కోసేసిన వేళ్ళకి ప్లాస్టర్లు చుట్టుకుని గిటార్ వాయించేవాళ్ళట. మా పెద్దాయనది భీమవరం దగ్గర, అందుకే వాళ్ళంటే సొంత మనుషుల్లా ప్రేమ. ఒకే ఒక్క క్యాసెట్ చేశారు. తమ్ముడు పెళ్ళి చేసుకుని ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు, బ్యాండ్ అక్కడితో ఆగింది. ఇంకో బ్యాండ్ పేరు అక్కచెల్లెళ్ళు, ముగ్గురు. తర్వాత ఏ పాట పాడాలో స్టేజీ మీదే కీచులాడుకునేవాళ్ళు, వ్యాను నడుపుకొచ్చిన తండ్రి వెనకనుంచి కేకేసి తీర్పు చెప్పేవాడు. ఇక మాట్లాడనివాడు అని ఒకడు. గిటార్ ఒక్కటీ పట్టుకుని వచ్చి, పాటకీ పాటకీ మధ్య ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. థాంక్యూ అని కూడా అనడు. పాడి, ఒకసారి తల ఊపి, దిగిపోతాడు.

ఈ పిచ్చి ఎలా పట్టిందని ఒక పొద్దున ట్రాఫిక్‌లో అడిగాను. చదువైన కొత్తలో ఆయనకి ఐర్లండ్‌లో, కార్క్ నగరంలో ఉద్యోగం వచ్చింది. అద్దెగది కింద పబ్. వారంలో మూడు రోజులు నేల అదిరిపోయేది. తెలుగు మాట విని నెలలైంది, వాన ఆగదు, నిద్ర లేదు. ఒక సాయంత్రం కోపం పట్టలేక శబ్దం తగ్గించమని చెప్పడానికి కిందికి దిగారు. అక్కడ రొయ్యలవాళ్ళు వాయిస్తున్నారు. గ్లాసులు తుడిచేవాడు తప్ప వినేవాళ్ళు లేరు. పెద్ద బ్యాండ్ తర్వాతెప్పుడో వస్తుందని జనం ఇంకా రాలేదు.

"ఖాళీ గదికి అంత గట్టిగా పాడుతున్నారయ్యా. తగ్గించమని ఏ మొహంతో చెప్పను? వెళ్ళి ముందు నిలబడ్డాను. ఆ పాడేవాడు నన్ను చూసిన చూపు ఉంది చూడు..." అని, అక్కడితో ఆపి, ఇండికేటర్ వేసి లేన్ మారారు.

ఆ రోజునుంచి అదే ఆయన ఆచారం. ఏ ఊళ్ళో ఏ షో అయినా తలుపులు తీసే వేళకే వెళ్ళడం, పేరు లేని మొదటి బ్యాండ్ ముందు, ఎడమవైపున నిలబడడం. పెద్ద బ్యాండ్ వచ్చాక తన చోటు వెనకవాళ్ళకిచ్చి తప్పుకోవడం. "పెద్దవాళ్ళకి నేను అక్కర్లేదు బ్రదర్. మొదటివాడికి ఒక మొహం కావాలి" అనేవారు.

ఇంకో రోజు బాప్తిస్మమిచ్చే యోహాను గురించి చెబుతున్నాను. అరణ్యంలో కేకవేసినవాడు, తర్వాత వచ్చేవాడికి దారి చేసి తాను తగ్గిపోయినవాడు అని ఆవేశపడిపోతున్నాను. ఆయన శ్రద్ధగా విని, "అయితే ఓపెనింగ్ బ్యాండన్నమాట" అన్నారు. ఆ ఆదివారం అదే మాట ప్రసంగించాను. ముందు వరుసలో ఆయన నవ్వు ఆపుకోవడం నాకు కనిపించింది.

నాకు బోధించడం నేర్పింది ప్రభువు. ఆపడం నేర్పింది ఈయన. మొదటినుంచీ చివరిదాకా ఒకే అరుపు అరిస్తే జనానికి ఏదీ గుర్తుండదనీ, మూడో పాట మెల్లగా ఉండాలనీ చెప్పేవారు. "మూడో పాటలో గొంతు దించు. అప్పుడే మనిషి దగ్గరికొస్తాడు." దావీదు, మనసు చెదిరిన సౌలు రాజు ముందు సితారా వాయించినప్పుడు గట్టిగా వాయించి ఉండడు కదా అని నాకప్పుడు తోచింది.

ఇక ఆయన లేచి నిలబడ్డ ఆదివారం సంగతి. ప్రభువుని అంగీకరించాలని తీర్మానం చేసుకున్నవాళ్ళు లేచి నిలబడండి అని పిలిచాను. చివరి పాట మొదలైంది. ముందు వరుసలో, ఎడమవైపు, పెద్దాయన లేచి నిలబడ్డారు. నా కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. పరలోకంలో దూతలు సంతోషిస్తున్నారని మైకులో కేకేశాను. మనకి హాలు అద్దెకిచ్చే అమెరికన్ సంఘం వాళ్ళతో మాట్లాడి బాప్తిస్మం తొట్టిలో నీళ్ళు కూడా పెట్టించాను. మంగళవారం ఆయన కారులో ఎక్కి, తెల్లబట్టలు తెచ్చుకోండి బాబాయిగారూ అన్నాను.

ఆయన స్టీరియో ఆపారు. ఆయన కారులో స్టీరియో ఆగడం అదే మొదలు.

"చివరి పాటకి కూర్చోవడం నాకు చేతకాదయ్యా. ఎక్కడైనా నిలబడతాను. నువ్వు అలా అనుకుంటావని తట్టలేదు."

నాకు సిగ్గుకంటే భయం ఎక్కువ వేసింది. నరకం ఉందని నేను నమ్ముతాను. ఊరికే మైకులో అనే మాట కాదు, మా ఇంటి గోడవతల ఉన్న మనిషి గురించి పడుకోబోయే ముందు తలుచుకుని నమ్ముతాను. అదే చెప్పాను. మీరు లేకుండా నేను పరలోకానికి వెళ్ళి ఏం చేయను బాబాయిగారూ అన్నాను.

ఆయన నవ్వలేదు. "నువ్వు నన్నొకటి అడిగావు. నేనూ ఒకటి అడుగుతాను. ఒక్కసారి నాతో షోకి వచ్చి ముందు నిలబడు" అన్నారు. తాగుడు అమ్మే చోటికి నా పాదం రాదన్నాను. "ఇద్దరం మొండిఘటాలమే" అని మళ్ళీ క్యాసెట్ పెట్టారు. ఆ తర్వాత ఏ సంవత్సరమూ అడగడం ఆయనా మానలేదు, నేనూ మానలేదు. తర్వాతి ఆదివారం కూడా ఆయన అదే కుర్చీలో ఉన్నారు. చివరి పాటకి లేచి నిలబడి, నా వైపు చూసి, కాదన్నట్టు చిన్నగా తల అడ్డంగా ఊపారు.

గుండె జబ్బు ముదిరి హాస్పిటల్‌లో చేర్చిన వారంలోనే ఆయన ఫోన్ నా చేతికిచ్చారు. మాట్లాడనివాడు మా పక్కనున్న రాలీ నగరానికి వస్తున్నాడు. ఎవరో పెద్ద బ్యాండ్‌కి ముందు, అరగంట. "ఇన్నేళ్ళకి కూడా ఓపెనింగే చూశావా" అన్నారు, మనవడికి ఉద్యోగం వచ్చినంత గర్వంగా. టికెట్లు రెండు బుక్ చేశారు. ప్రార్థన చేయనా అన్నాను. "చెయ్యి. మూడో పాటలా చెయ్యి."

గొంతు దించి చేశాను. ఆయన కళ్ళు మూసుకున్నారు, అది నేనెన్నడూ చూడలేదు. వేళ్ళు మాత్రం మంచం రెయిల్ మీద తాళం వేస్తున్నాయి. నా ప్రార్థనకో, కార్క్‌లో విన్న ఏ పాటకో. ఆమెన్ అన్నారా అని మీలో కొందరు అడిగారు. పెదవులు కదిలాయి. ఏమన్నారో నాకు వినపడలేదు. వినపడిందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టలేను.

అంత్యక్రియల రోజు ఫ్యూనరల్ హోమ్‌లో పంతులుగారి కార్యక్రమానికి ముందు ఆయన కూతురు నా దగ్గరికొచ్చింది. "అంకుల్, నాన్న చెప్పాడు, మీరు ఫస్ట్ మాట్లాడాలి. అందరూ ఇంకా పార్క్ చేస్తుంటే అప్పుడే స్టార్ట్ చేయాలి అని చెప్పాడు." ఇక్కడ పుట్టిన పిల్ల, ఆ తండ్రి ఆచారం మాత్రం బాగా తెలుసు. నేను లేచాను. కుర్చీలన్నీ ఖాళీ. ముందు, ఎడమవైపు కుర్చీ ఖాళీ. ఏ మొహం చూసి మాట్లాడను? ఆ పిల్ల కుటుంబం వరుసలోంచి లేచి వచ్చి ఆ కుర్చీలో కూర్చుని గడ్డం ఎత్తింది. అచ్చం వాళ్ళ నాన్నలాగే. ఆయన వినేవారు అని చెప్పాను. ఇంకా ఏదో చెప్పాను. మొదటినుంచీ చివరిదాకా నేను అరవకుండా మాట్లాడిన సభ అదొక్కటే.

బయటికి వస్తుంటే ఆ పిల్ల రెండు టికెట్లూ నా ఫోన్‌కి పంపింది. మీ ఇష్టం అంకుల్ అంది.

వెళ్ళాను. నా సిద్ధాంతం ఏమీ మారలేదు, ఆ తాగుడు వాసన నాకు ఇప్పటికీ అసహ్యమే. చొక్కా జేబులో చిన్న కొత్త నిబంధన పెట్టుకుని, తలుపులు తీసే వేళకే, ఇంకా ఎండ ఉండగానే వెళ్ళాను. బార్ దగ్గర నలుగురు వీపు తిప్పుకుని మాట్లాడుకుంటున్నారు. స్టేజీ ముందు నేల మొత్తం ఖాళీ. ముందుకి నడిచాను. ఎడమవైపు చివర ఆయన చోటు వదిలి, దాని పక్కన నిలబడ్డాను.

ఒక ముసలాయన గిటార్‌తో వచ్చాడు. ఎవరికీ నమస్కారం పెట్టలేదు. ఆ ఖాళీ నేల మీద చూపు తిప్పుకుంటూ వచ్చి, నా మొహం మీద ఆపాడు. కారులో లేన్ మారుస్తూ మా పెద్దాయన చెప్పకుండా ఆపేసిన ఆ చూపు ఏమిటో అప్పుడు తెలిసింది. నేను కూటం పెట్టిన మొదటి రోజు నా కళ్ళల్లో ఆయనకి కనిపించింది కూడా అదే అయి ఉంటుంది.

మూడో పాటలో అతను గొంతు దించాడు. అప్పుడు కాలేజీ పిల్ల ఒకతె ముందుకొచ్చి, నా పక్కనున్న ఖాళీ చూపించి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని ఇంగ్లిష్‌లో అడిగింది.

ఉన్నారు అన్నాను.

ఆ పిల్ల ఆ ఖాళీ వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా నాకు కుడివైపున వచ్చి నిలబడింది. పాట అయ్యేదాకా, ఆ తర్వాత చివరి పాట అయ్యేదాకా, అక్కడ ఎవరూ కాలు పెట్టలేదు.