ధర్మవరం బీరువా, బ్యాంకు సంతకం

మా హిందూపురం చిన్న బ్యాంకుకు నేనొక డైరెక్టర్ని. మీటింగులో పెట్టే వడల కోసమే ఒప్పుకున్నానని గిట్టనివాళ్లు అంటారు. చట్నీ సంగతి వాళ్లకు తెలీదు.

ఈసారి ఆ వడలు కూడా ప్లేట్లోనే మిగిలిపోయాయి. మేము కొన్న ప్రభుత్వ బాండ్ల ధర మార్కెట్లో పడిపోయింది. ఇంకా పడితే తట్టుకోవడానికి లాభంలోంచి కొంత సొమ్ము మూలధనంగా పక్కన పెట్టమని తనిఖీకి వచ్చినాయన నలభై పేజీలు రాసి వెళ్లాడు. పెడితే ఈ ఏడు డివిడెండు లేదు. ఆ డివిడెండుతో పట్టుచీర తెస్తానని మా ఆవిడకు వీధంతా వినేలా మాటిచ్చి ఉన్నాను. సాయంత్రం అయిదులోగా, పెడతామన్న కాగితం మీద ఛైర్మన్ సంతకం రాకపోతే కొత్త డిపాజిట్లు ఆపేస్తారట. ఆయనకు ధర్మవరంలో చీరల అంగడి. కాగితం మోసే పని నాకే పడింది.

ఉదయం ఎనిమిదీ పదికి ప్యాసింజరెక్కాను. టికెట్టు ఇరవై అయిదు. కిటికీ సీటు కోసం చేసిన మహాయుద్ధం ఉచితం. ఎదురు సీట్లో రొళ్ల ఊరి గంగమ్మ. నిన్న పట్టుగూళ్లు అమ్మి, చెల్లెలి కూతురి పెళ్లికి చీర కొనడానికి పోతోంది.

"మంచి రేటొచ్చిందా అమ్మా?"

"పొద్దున ఒక రేటు, మధ్యాన్నానికి ఇంగొకటి. రేటు పడినా మళ్లా పురుగుల్ని మేపల్ల గదన్నా. అందుకే మేపు దుడ్లు ముందే ముడేస్తా. మిగిలిందే నాది." కొంగు ముడి చూపించింది. నలభై పేజీలూ ఆ ముడిలో ఉన్నాయి.

తొమ్మిదింటికి పెనుకొండ. ఈ దారిన వచ్చేవారికి మనవి: ఇక్కడ ఇడ్లీ ప్లేటు ముప్పై. కోట కట్టగా మిగిలిన రాళ్లతో చేస్తారు.

పదింబావుకు ధర్మవరం. గంగమ్మను కూడా ఛైర్మన్ గారి అంగడికే తీసుకెళ్లాను. ఆమె చీరలు చూస్తూంటే ఆయన నా కాగితం చదివి పక్కకు నెట్టారు.

"ఏమప్పా, బాండ్లు ఇప్పుడు అమ్ముతాండామా? గడువు దాకా పెట్టుకునేటివని రాసేయ్. అమ్మని సరుకుకు నష్టం యాడిది?" వెనకున్న బీరువా చూపించారు. "దీంట్లోవి అమ్మేటివి కాదు. నాలుగేండ్ల నాటి రేటు చీటీలు అట్లే ఉండాయి. రూపాయి తగ్గలేదు."

పెనుకొండ రాజుల దగ్గర ఇలాంటి బీరువా ఒకటుంటే కోట పోయేదే కాదు.

గంగమ్మకు బయటున్న చీర ఒక్కటీ నచ్చలేదు. బీరువా అద్దంలోంచి కనబడేదాన్ని చూపించింది. "ఆ వంకాయ రంగుది తియ్యన్నా."

"అది అమ్మేది కాదమ్మా."

"అట్లయితే పక్కంగట్లో చూసుకుంటాలే." లేచి నాలుగడుగులు వేసింది.

బీరువా తెరుచుకుంది. చీటీ మీద పద్దెనిమిది వేలు.

"పాత రేటు నాకెందుకన్నా, ఈ పొద్దు రేటు చెప్పు."

అరగంట బేరం. పదకొండు వేలకు తెగింది.

కాగితం మళ్లీ ముందుకు జరిపాను. ఖాళీ అయిన అరను ఆయన కాసేపు చూశారు.

"డిపాజిట్లోళ్లంతా ఒకేతూరి ఇట్లే లేచి నిలబడితే, బాండ్ల బీరువా గూడా తెరవల్ల గదప్పా," అని సంతకం పెట్టారు.

రెండింటి రైలుకు తిరుగు ప్రయాణం. నాలుగున్నరకు కాగితం బ్యాంకులో ఇచ్చేశాను. ధర ఇంకా పడినా మా బ్యాంకు ఇక నిబ్బరంగా నిలబడుతుంది. బయటికి రాగానే మా ఆవిడ ఫోన్.

"ఏం రంగు తెస్తాండావు?"

ఈ రిస్కుకు నేను పైసా పక్కన పెట్టుకోలేదు.